విశాఖ ఉక్కపోతలోనూ నిలిచే తక్కువ తీపి వెనిలా ఫ్రాస్టింగు: ఇంట్లో చేసుకునే విధానం

కేకు మీద పూసే వెనిలా ఫ్రాస్టింగును సాధారణంగా బటర్ ఒక వంతు, ఐసింగ్ షుగర్ రెండు వంతుల లెక్కన కలుపుతారు. అంటే 225 గ్రాముల బటరుకు 450 గ్రాముల పంచదార పొడి పడుతుంది. పాలు, ఎసెన్సు చేరిన తరువాత కూడా ఆ మిశ్రమంలో మూడింట రెండు వంతులకు దగ్గరగా పంచదారే ఉంటుంది. తీపి తగ్గిద్దామని అందులోంచి సగం పొడి తీసేస్తే మిగిలేది తియ్యటి బటర్ ముద్ద మాత్రమే. అది పూతగా నిలవదు, వేసవిలో విశాఖపట్నం ఉక్కపోతకు కాసేపటికే కేకు అంచుల నుంచి జారిపోతుంది. ఆ పద్ధతిలో పూతకు గట్టిదనం ఇచ్చేది పంచదారే కాబట్టి, తీపి తగ్గించుకోవాలంటే కొలతతో పాటు పద్ధతిని కూడా మార్చుకోవలసి ఉంటుంది.

ఇక్కడ చెప్పబోయేది పాలలో మైదా, పంచదార కలిపి కాచి, ఆ ముద్దను పూర్తిగా చల్లార్చి బటరులో గిలకొట్టే పద్ధతి. దీనిని ఎర్మిన్ ఫ్రాస్టింగు అంటారు. అమెరికాలో రెడ్ వెల్వెట్ కేకు మీద క్రీమ్ చీజ్ పూయడం మొదలుకాక ముందు దీనినే పూసేవారు. ఇందులో గట్టిదనం ఉడికిన మైదా నుంచి వస్తుంది కనుక పంచదారను రుచికి ఎంత కావాలో అంతే వేసుకోవచ్చు. మామూలుగా కింద ఇచ్చిన కొలతకు 200 గ్రాముల దాకా వేస్తారు గాని, నేను 90 గ్రాములకు మించనివ్వను. అప్పుడు 30 గ్రాముల ఫ్రాస్టింగులో వేసిన పంచదార సుమారు 5 గ్రాములు ఉంటుంది. ఐసింగ్ షుగర్ పద్ధతిలో అదే 30 గ్రాములకు 19 గ్రాములు వస్తుంది. పైనుంచి కలిపే చక్కెరలను రోజుకు సుమారు 25 గ్రాముల లోపు ఉంచుకోవడం మరింత మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015 మార్గదర్శకాల్లో చెప్పింది; ఆ లెక్కన చూస్తే ఈ తేడా చిన్నది కాదు.

క్రీము గిలకొట్టి పూస్తే సరిపోదా అని కొందరు అడుగుతారు. ఫ్రెష్ క్రీమ్ పేరుతో దొరికే చిన్న ప్యాకెట్లలో కొవ్వు సుమారు 25 శాతమే ఉంటుంది కనుక ఎంత గిలకొట్టినా అది గట్టిగా నిలబడదు. బేకరీలు వాడే విప్పింగ్ క్రీము నిలబడుతుంది గాని, అది ఎక్కువగా వనస్పతి కొవ్వుతో చేసినది, పంచదార ముందే కలిపి వస్తుంది. దానిలో తీపి తగ్గించే అవకాశం మన చేతిలో ఉండదు.

కావలసినవి

ఉప్పు లేని బటర్ 200 గ్రాములు, చిక్కటి పాలు 250 మిల్లీలీటర్లు, మైదా 35 గ్రాములు, పంచదార 90 గ్రాములు, వెనిలా ఎసెన్సు ఒకటిన్నర టీస్పూను, చిటికెడు ఉప్పు. వీటితో అరకిలోకు కొంచెం పైగా ఫ్రాస్టింగు వస్తుంది. ఏడంగుళాల రెండు పొరల కేకుకు మధ్యన, పైన, చుట్టూ పలుచగా పూయడానికి గాని, పన్నెండు కప్ కేకులకు గాని ఇది సరిపోతుంది. త్రాసు లేనివారు మైదాను అంచుకు సమంగా కొలిచి నాలుగు టేబుల్ స్పూన్లు, ఆ పైన ఒక టీస్పూను తీసుకోవాలి. పంచదార ఏడు టేబుల్ స్పూన్లు చాలు. స్పూనును మైదా డబ్బాలో ముంచి నొక్కి తీయవద్దు, అలా తీస్తే కొలత మించి ముద్ద జిగురుగా తయారవుతుంది. ఐసింగ్ షుగర్ కొనవలసిన పని లేదు. మామూలు పంచదార పాలలోనే కరిగిపోతుంది. పైగా ఈ ఊరి తేమకు ఐసింగ్ షుగర్ ప్యాకెట్టు తెరిచిన వారానికే గడ్డలు కడుతుంది.

పంచదార ఎక్కువగా ఉన్న ఫ్రాస్టింగులో మిగతా వస్తువుల లోపాలు పైకి తెలియవు. తగ్గించగానే పాత బటరు వాసన, మైదా పచ్చి వాసన, నాసి ఎసెన్సు చేదు, అన్నీ నాలుకకు తగులుతాయి. అందువల్ల ఈ ఆరు వస్తువుల్లో దేనికీ సర్దుకుపోవద్దు. ముఖ్యంగా బ్రెడ్డు మీద రాసుకునే ఉప్పు బటరును దీనికి వాడవద్దు. తీపి ఎక్కువ ఉన్నచోట ఆ ఉప్పు కలిసిపోతుందేమో గాని, ఇక్కడ ప్రతి ముద్దలోనూ ఉప్పగా తెలుస్తుంది.

ఇంట్లో మీగడ చిలికి తీసిన వెన్న వాడవచ్చునా అన్నది మన ఇళ్లలో తప్పక వచ్చే ప్రశ్న. వాడవచ్చు, అయితే రెండు జాగ్రత్తలు అవసరం. మీగడను చాలా రోజులు దాచి చిలికిన వెన్నలో పులుపు ఉంటుంది. నెయ్యి కాచడానికి అది పనికివస్తుంది గాని ఫ్రాస్టింగులో ఆ పులుపు పోదు, కాబట్టి రెండు మూడు రోజుల్లోపు మీగడనే చిలకాలి. తీసిన వెన్నను చన్నీళ్లలో నీరు తేటపడే దాకా మార్చి మార్చి కడిగి, ఆ తరువాత గరిటెతో నొక్కి లోపలి నీటిని వీలైనంత పిండేయాలి. దుకాణంలో దొరికే బటరులో సుమారు 80 శాతం కొవ్వు ఉంటుంది. ఇంటి వెన్నలో నీటి శాతం దానికన్నా ఎక్కువ, ఆ నీరే తరువాత ఫ్రాస్టింగు విరగడానికి కారణమవుతుంది. అతిథుల కోసం చేసే కేకయితే బటరు ప్యాకెట్టు కొనుక్కోవడమే మంచిదని నా అభిప్రాయం.

వెనిలా విషయానికి వస్తే, సాధారణంగా దొరికే ఎసెన్సు కృత్రిమ వెనిలిన్‌తో చేసినది. వెనిలిన్‌ను ప్రయోగశాలలో 1874లో తయారుచేశారు. అసలు వెనిలా ఒక ఆర్కిడ్ తీగకు కాసే కాయ. మన దేశంలో ఆ పువ్వుకు చేత్తోనే పరాగ సంపర్కం చేయవలసి వస్తుంది. ఆ పనికి సులువైన విధానాన్ని 1841లో రీయూనియన్ దీవిలో ఎడ్మండ్ ఆల్బియస్ అనే పన్నెండేళ్ల బానిస బాలుడు కనిపెట్టాడు. అంత చేతిపని ఉన్నందువల్లే ఆ కాయల నుంచి తీసే అసలు ఎక్స్‌ట్రాక్టు ధర ఎక్కువ. కొనగలిగితే దీనికి ఎక్స్‌ట్రాక్టే బాగుంటుంది. లేదంటే మంచి ఎసెన్సు ఒకటిన్నర టీస్పూను లోపు వేయండి, మించితే చేదు తేలుతుంది. వెనిలా వాసన తగిలినప్పుడు తీపి ఉన్నదానికన్నా ఎక్కువగా ఉన్నట్టు నాలుకకు తోస్తుంది. చిటికెడు ఉప్పు చేసే పని కూడా అదే. తక్కువ పంచదారతో ఈ ఫ్రాస్టింగు చప్పగా అనిపించకపోవడానికి సగం కారణం ఈ రెండే.

ముద్ద కాయడం

అడుగు మందంగా ఉన్న గిన్నెలో ముందుగా మైదా, పంచదార పొడిగానే కలపండి. పంచదార పలుకులు మైదా రేణువులను విడదీస్తాయి కనుక తరువాత ఉండలు తక్కువ కడతాయి. అందులో ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి పాలు నాలుగైదు చెంచాలు పోసి, ముందు చిక్కటి పేస్టులా మెదిపి, ఆ తరువాతే మిగతా పాలు కొంచెం కొంచెంగా కలపాలి. వేడి పాలు పోస్తే మైదా ఉండలు కట్టి ఎంత తిప్పినా విడదు.

గిన్నెను సన్నని సెగ మీద పెట్టి, విస్కుతో (తీగలతో చేసిన కవ్వంతో) గాని, అది లేకపోతే చెక్క గరిటెతో గాని, అడుగును, అంచులను తాకుతూ ఆపకుండా కలుపుతూ ఉండండి. మొదటి నాలుగైదు నిమిషాలు ఏమీ జరగనట్టే కనిపిస్తుంది, ఫోన్ చూసుకోవాలనిపించేది అప్పుడే. ఆ తరువాత చిక్కబడటం ఒక్కసారిగా మొదలవుతుంది, అర నిమిషం ఏమరుపాటుగా ఉన్నా అడుగంటుతుంది. పాలు గరిటజారుగా వచ్చి, ఇడ్లీ పిండి కన్నా చిక్కబడి, గరిటెతో గీత గీస్తే గిన్నె అడుగు కనిపించి గీత నెమ్మదిగా పూడుకునే దశకు రావాలి. బుడగలు పెద్దవిగా, బద్ధకంగా పైకి లేస్తున్నప్పుడు దించేయకుండా, ఇంకొక నిమిషం పాటు కలుపుతూ ఉడికించండి. మైదా పచ్చి వాసన పోయేది ఈ ఆఖరి నిమిషంలోనే. చెంచాతో కొంచెం తీసి, ఊది, రుచి చూస్తే పిండి రుచి నాలుకకు అంటకూడదు.

పంచదార పిండి ఉడకడాన్ని కొంత ఆలస్యం చేస్తుంది. మనం పంచదార తగ్గించాం కనుక ముద్ద మామూలు కన్నా త్వరగా, ఎక్కువగా చిక్కబడుతుంది. అందుకే మైదాను సాధారణంగా వేసే 40 గ్రాముల నుంచి 35కు తగ్గించాను. దించాక వెంటనే జల్లెడలో వేసి గరిటెతో నొక్కి వడకట్టండి. ఉండలు లేవనిపించినా ఈ పని మానవద్దు.

చల్లార్చడం

ఈ వంటలో ఎక్కువ మంది తొందరపడేది ఇక్కడే. ముద్ద గోరువెచ్చగా ఉండగా బటరులో వేస్తే బటరు కరిగి మొత్తం నీళ్లనీళ్లగా అయిపోతుంది. చాలా వంటల్లో గది ఉష్ణోగ్రతకు చల్లార్చాలని రాస్తారు, కాని ఆ మాట మన ఊరికి సరిపోదు. మే నెలలో ఇక్కడ పగటి వేడి 35 డిగ్రీల చుట్టూ తిరుగుతుంది, రాత్రి కూడా 28 డిగ్రీల దిగువకు రావడం కష్టం, ఆ పైన సముద్రపు తేమ. బటరు 20 డిగ్రీలు దాటగానే మెత్తబడటం మొదలై, 32 నుంచి 35 డిగ్రీల మధ్య పూర్తిగా కరిగిపోతుంది. అంటే వేసవిలో మన వంటగదే బటరు కరిగే వేడిలో ఉంటుంది.

కాబట్టి వడకట్టిన ముద్దను లోతు గిన్నెలో వదలకుండా ఒక వెడల్పాటి స్టీలు పళ్లెంలో పలుచగా పరచండి. పైన మీగడ కట్టకుండా ఒక ప్లాస్టిక్ కవరునో బటర్ పేపరునో ముద్దకు తాకేటట్టు పరచాలి. మధ్యలో గాలి ఉంటే అక్కడ తొరక కట్టి, తరువాత ఫ్రాస్టింగులో ముక్కలుగా తగులుతుంది. పదిహేను నిమిషాలు ఫ్యాను కింద ఉంచి, ఆ తరువాత అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. వేలితో తాకితే వేడీ చలీ రెండూ తెలియని స్థితి దాటి, కొంచెం చల్లగా తగలాలి. వంటగది థర్మామీటరు ఉంటే 20 నుంచి 22 డిగ్రీలు చూసుకోండి. ఫ్రిజ్‌లో మరీ గడ్డకట్టేదాకా మరిచిపోతే బయట పెట్టి, గరిటెతో మెదిపి మెత్తబరచుకోవాలి.

బటరును కూడా అదే స్థితికి తేవాలి. ఫ్రిజ్‌లోంచి తీసి అంగుళం ముక్కలు కోసి పెడితే డిసెంబరులో అరగంట పడుతుంది, మే నెలలో పది నిమిషాలు దాటనివ్వవద్దు. వేలితో నొక్కితే గుంట పడాలి, ఆ గుంట అలాగే నిలవాలి, కాని వేలికి నూనె మెరుపు అంటకూడదు. మెరుపు అంటిందంటే బటరు అప్పటికే మించి మెత్తబడిందని అర్థం. తిరిగి పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి మొదలుపెట్టడం మేలు. వేసవిలో ఈ పనిని తెల్లవారుజామున ఆరుగంటలకు ముందో, ఏసీ ఉన్న గదిలోనో పెట్టుకోండి. సాయంత్రం బీచ్ వైపు నుంచి గాలి వీస్తుంది గదా అని కిటికీలు తీసి మొదలుపెట్టేవారు ఉంటారు, ఆ గాలి మన ఒంటికి హాయి గాని బటరుకు కాదు.

గిలకొట్టడం

స్టీలు గిన్నెలో బటరు ఒక్కటే వేసి హ్యాండ్ బీటరుతో మధ్య వేగంలో నాలుగైదు నిమిషాలు గిలకొట్టండి. పసుపు రంగు తగ్గి పాలిపోయిన తెలుపు రావాలి, పరిమాణం కళ్లకు కనిపించేటంతగా పెరగాలి. లోపల గాలి చేరితేనే పూత తేలికగా ఉంటుంది, కనుక ఈ సమయాన్ని తగ్గించవద్దు. మధ్యలో రెండుసార్లు ఆపి, గిన్నె అంచులకు అంటినదాన్ని గరిటెతో లోపలికి తోయండి. కవ్వంతో గాని విస్కుతో గాని చేత్తో చేయడం అసాధ్యం కాదు, పావుగంట పైగా పడుతుంది, ఆ లోపు వేసవిలో బటరు కరిగిపోతుంది; చేత్తో చేసేవారు చలికాలానికే పరిమితం కావడం మంచిది.

ఇప్పుడు చల్లారిన ముద్దను ఒక్కొక్క టేబుల్ స్పూను చొప్పున వేస్తూ, వేసినది పూర్తిగా కలిసిపోయాకే తరువాతి స్పూను వేయాలి. అంతా ఒకేసారి వేస్తే కలవదు. సగం ముద్ద పడిన సమయంలో ఫ్రాస్టింగు విరిగిన పాలలా తరకలుగా కనిపించవచ్చు. భయపడి ఆపవద్దు, మిగతాది వేస్తూ గిలకొడితే ఎక్కువసార్లు దానంతట అదే నునుపు తేలుతుంది. చివరగా వెనిలా, ఉప్పు వేసి మరో రెండు నిమిషాలు తిప్పండి. వెనిలాను ముద్ద కాచేటప్పుడు వేస్తే దాని సువాసన ఆవిరితో పోతుంది, అందుకే చివరికి ఉంచాము.

అన్నీ వేశాక కూడా తరకలు పోకపోతే కారణం దాదాపు ఎప్పుడూ వేడి తేడానే. గిన్నె బయట చల్లగా ఉండి, లోపల గట్టి బటరు పలుకులు కనిపిస్తుంటే, వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డను గిన్నె చుట్టూ పది క్షణాలు పట్టి మళ్లీ గిలకొట్టండి. అలా కాక మెరుస్తూ, జారుతూ ఉంటే, గిన్నెతో సహా పదిహేను నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి తిప్పితే తిరిగి గట్టిపడుతుంది. గట్టిపడటం కోసం పంచదార పొడి గాని కార్న్‌ఫ్లోర్ గాని పచ్చిగా కలపవద్దు, మొదటిది ఇంత శ్రమను వృథా చేస్తుంది, రెండోది పచ్చి పిండి రుచి తెస్తుంది.

తీపిని ఇంకా తగ్గించడం, మార్చడం

మొదటిసారి 90 గ్రాములతో చేయండి. ఇంట్లోవారికి అలవాటైన తరువాత 70కి దిగవచ్చు. 60 గ్రాములకు దిగువన ఫ్రాస్టింగు నిలుస్తుంది గాని, తినేటప్పుడు బటరు తింటున్న భావమే ముందుకొస్తుంది. రుచిని ఫ్రిజ్‌లోంచి తీయగానే నిర్ణయించవద్దు, చల్లగా ఉన్నప్పుడు తీపి నాలుకకు తక్కువగా తెలుస్తుంది.

అనకాపల్లి పక్కనే ఉండగా పంచదార ఎందుకు, బెల్లం వేస్తే పోదా అని అడిగేవారు తప్పక ఉంటారు. బెల్లం కూడా చాలావరకు చక్కెరే, కాబట్టి తీపి తగ్గించడానికి అది మార్గం కాదు. పైగా కాగుతున్న పాలలో బెల్లం వేస్తే పాలు విరిగే అవకాశం ఉంది, రంగు గోధుమ వర్ణానికి మారుతుంది, వెనిలా వాసన బెల్లం వాసన కింద అణగిపోతుంది. బెల్లం ఫ్రాస్టింగు బాగానే ఉంటుంది, అది వేరే వంట. పంచదారకు బదులుగా వాడే స్టీవియా వేస్తే చివర చేదు మిగులుతుంది. అలాంటిదే మరొకటైన ఎరిథ్రిటాల్ కరిగినట్టే కరిగి, ఫ్రిజ్‌లో పెట్టాక మళ్లీ పలుకులు కట్టి నాలుకకు ఇసుకలా తగులుతుంది. మధుమేహం ఉన్నవారికి పెట్టేటప్పుడు ఒక విషయం గుర్తుంచుకోవాలి: ఇది పంచదార తగ్గించిన ఫ్రాస్టింగు, పంచదార లేనిది కాదు. మైదా, పాలు కూడా లెక్కలోకి వస్తాయి, కింద ఉన్న కేకు సంగతి సరేసరి. వారికి ఎంత పెట్టవచ్చో వైద్యుని సలహా ప్రకారమే నిర్ణయించుకోవాలి.

పూయడం, తీసుకెళ్లడం, దాచడం

కేకు పూర్తిగా చల్లారిన తరువాతే పూయాలి. ముందురోజు చేసి రాత్రి ఫ్రిజ్‌లో ఉంచిన కేకయితే ఇంకా అనుకూలం. మొదట చాలా పలుచగా ఒక పూత పూసి, రాలే కేకు పొడి ఆ పూతకు అంటుకుపోవడానికి ఇరవై నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి, ఆ పైన రెండో పూత వేయండి. నాజిల్‌తో పువ్వులు పెట్టేవారు పెద్ద రంధ్రం ఉన్న నాజిల్ తీసుకుని గుండ్రని, వెడల్పు పువ్వులే పెట్టాలి. పంచదార దట్టించిన ఫ్రాస్టింగులా ఇది పదునైన అంచులను పట్టి ఉంచదు. పైపింగు బ్యాగును (నాజిల్ బిగించి ఫ్రాస్టింగును పిండే సంచిని) ఒకేసారి నింపవద్దు, చేతి వేడికే అది కరుగుతుంది. నాలుగు చెంచాల చొప్పున నింపుకుంటూ, మిగతాది ఫ్రిజ్‌లో ఉంచండి.

మధురవాడలో చేసిన కేకును గాజువాకకు తీసుకెళ్లాలంటే, అందులోనూ ఎండవేళ, దారిలో ట్రాఫిక్కు, ఎండ రెండూ కలిసి పూతను పరీక్షిస్తాయి. బయలుదేరే ముందు కనీసం రెండు గంటలు ఫ్రిజ్‌లో ఉంచి పూతను గట్టిపడనివ్వండి. పెట్టె కింద ఐస్ ప్యాక్ పెట్టి, కారయితే ఏసీ వేసుకుని, పెట్టెను సీటు మీద కాకుండా కాళ్ల దగ్గర నేల మీద పెట్టండి. సీటు వాలుగా ఉంటుంది, కేకు ఒక పక్కకు ఒరుగుతుంది. స్కూటరు మీద అయితే తెల్లవారే ప్రయాణం పెట్టుకోవాలి.

పంచదార ఎక్కువ ఉంటే అది నీటిని పట్టి ఉంచి పదార్థం త్వరగా చెడకుండా కాపాడుతుంది. మనం తగ్గించినది తీపితో పాటు ఆ రక్షణను కూడా కాబట్టి, పాలు ఉన్న ఈ ఫ్రాస్టింగును వేసవిలో గంటకు మించి, చలికాలంలో రెండు గంటలకు మించి బయట ఉంచవద్దు. వడ్డించే ముందు కేకును ఫ్రిజ్‌లోంచి తీసి, వేసవిలో పది నిమిషాలు, చలికాలంలో అరగంట ఆగితే పూత మెత్తబడి రుచి తెలుస్తుంది.

మిగిలిన ఫ్రాస్టింగును గాలి చొరని డబ్బాలో మూడు నాలుగు రోజులు ఫ్రిజ్‌లో, నెల దాకా ఫ్రీజరులో దాచవచ్చు. బటరు చుట్టూ ఉన్న వాసనలను ఇట్టే పట్టేస్తుంది. వంజరం ముక్కలకు మసాలా పట్టించి పెట్టిన అరలోనే దీనిని పెట్టకండి, కోసిన ఉల్లిపాయ దగ్గర అసలే వద్దు. ఫ్రీజరులో ఉన్నదాన్ని ముందురోజు రాత్రి కింది అరలోకి మార్చి, మరునాడు బయట మెత్తబడనిచ్చి, మూడు నిమిషాలు గిలకొట్టి వాడుకోండి. గిలకొట్టకుండా పూస్తే నీరు విడి గరుకుగా కనిపిస్తుంది. తిరిగి గిలకొట్టేటప్పుడు అర టీస్పూను వెనిలా అదనంగా వేస్తే నిల్వలో తగ్గిన వాసన తిరిగి వస్తుంది.